ప్రాణహిత ఒడ్డు పల్లెలో బుద్ధ విహారం: పునాది నుంచి పరిత్రాణ పాఠం దాకా

మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో తెలుగు మాట్లాడే పల్లెల్లో విహారం కట్టాలనుకునే వాళ్ళు మొదటి మీటింగులోనే ఒక సంగతి తేల్చుకోవాలి. మనం విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేయడం లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది, బ్రాహ్మణుల చేత ఏ కర్మకాండా చేయించనని. బుద్ధుడు విష్ణువు అవతారం కాడని ఐదోది. ఈ ప్రతిజ్ఞలు తీసుకున్న వాళ్ళ విహారంలో రాయికి ప్రాణం పోసే తంతుకు చోటు లేదు. ఊరంతా కలిసి త్రిశరణం (బుద్ధ, ధమ్మ, సంఘాల శరణు), పంచశీలం (ఐదు నియమాలు) తీసుకోవడం, భంతేలు (భిక్షువులు) పరిత్రాణ పాఠం (రక్షణ కోరి సుత్తాలు చదవడం) చేయడం, ఆ తర్వాత ప్రతి వారం అక్కడ వందన జరగడం, ఈ మూడింటితోనే అది విహారం అవుతుంది. మేము కట్టినప్పుడు అరుగు ఎత్తు మొదలుకొని పాఠం వేళ అందరూ పట్టుకునే దారం పొడవు వరకు ప్రతిదీ ఈ లెక్కలోనే చూసుకున్నాం. ఆ పని ఎట్లా జరిగిందో వరసగా రాస్తున్నాను.

స్థలం సంగతి తొందరగా చెప్పి వదిలేస్తాను. ఎవరో ఒక ఉపాసకుడు మంచి మనసుతో ఇచ్చిన జాగాలో కాగితం లేకుండా కట్టేస్తే, ఆయన పోయాక కొడుకులు సాత్‌బారా (భూమి పత్రం) పట్టుకొని వస్తారు. ముందు కనీసం ఏడుగురితో సంస్థ రిజిస్టర్ చేయాలి. జిల్లా ధర్మదాయ కార్యాలయంలో ట్రస్టు నంబరు తీసుకోవాలి, ఆ సంస్థ పేరు మీద దానపత్రం రాయించాలి, తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర ఫేర్‌ఫార్ (పేరు మార్పు) ఎక్కించాలి. గ్రామసభ ఠరావ్ (తీర్మానం) కాపీ దగ్గర ఉండాలి. ఇవన్నీ చేతికి వచ్చాకే ముగ్గు పోయాలి.

అసలు కష్టం నేలతో. ఏటి పక్క పల్లెల్లో చాలా చోట్ల రేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళు తీస్తుంది, వానలకు ఉబ్బి పైకి లేస్తుంది. ఆ కదలికకు రాతి పునాది ఒక చోట లేచి ఒక చోట దిగుతుంది, కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. కొత్త విహారాల్లో రెండో వానాకాలానికే ఈ చీలిక కనబడటం మామూలైపోయింది. సిమెంటు తక్కువైందని మేస్త్రీని తిడతారు, కానీ తప్పు నేలను చూడకపోవడంలో ఉంది. పిల్లర్ గుంతలు పగుళ్ళ లోతు దాటి గట్టి మొరం తగిలేదాకా తవ్వాలి. పిల్లర్లన్నిటినీ కింద బీముతో కట్టేయాలి. ఆ బీము కింద రేగడి తగలకుండా కాస్త ఖాళీ వదిలితే నేల ఉబ్బినా బీమును పైకి తోయదు. తవ్విన నల్లమట్టిని లోపల నింపడానికి వాడకూడదు. ఎంత దూరమైనా మొరమే తెప్పించి, ఆరు అంగుళాలకు ఒక పొర వేసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో కుదించి, అప్పుడు రెండో పొర వేయాలి. చుట్టూ మూడు అడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు పోస్తే చూరు నీళ్ళు పునాదిలోకి దిగవు. ఈ గచ్చును డబ్బులు మిగిలితే చూద్దామని వాయిదా వేస్తారు. స్లాబు మీద గోపురం ఆలస్యమైనా ఫరవాలేదు గాని గచ్చు ఆలస్యం కాకూడదు.

బేస్‌మెంట్ ఎత్తుకు కొలత ఊళ్ళోనే ఉంది. 2022 జూలై వరదల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దలకు గుర్తుంది, పాత గోడల మీద మరక ఉంది. ఆ మరక మీద ఇంకో అడుగున్నర కలుపుకోండి. మరక మనిషెత్తు ఉంటే ఆ జాగా విహారానికి పనికిరాదు, వేరేది చూసుకోవాలి.

పునాది రోజు మేస్త్రీలు కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ తెచ్చి పెడతారు. "కాయ కొట్టకుండా గుంతలో దిగితే మా వాళ్ళు ఒప్పుకోరు సార్" అంటారు. వాళ్ళకు కోపంతో చెప్పకూడదు, అది వాళ్ళ భయం. మా దగ్గర బౌద్ధాచార్యతో గుంత దగ్గరే త్రిశరణ పంచశీలం చెప్పించి, కరణీయ మెత్త సుత్తం (అందరి పట్ల మైత్రిని చెప్పే బుద్ధవచనం) చదివించి, మొదటి తట్ట కంకరను ఊళ్ళో పెద్ద ఉపాసిక చేత వేయించాం. మేస్త్రీకి, కూలీలకు కొత్త బట్టలు పెట్టాం. భంతే దొరకలేదని ఈ పని ఆపాల్సిన అవసరం లేదు. 1955లో బాబాసాహెబ్ స్థాపించిన భారతీయ బౌద్ధ మహాసభ శిక్షణ ఇచ్చిన బౌద్ధాచార్యలు ఇట్లాంటి సంస్కారాలన్నీ చేయిస్తారు.

హాలు 20 అడుగులు ఇంటూ 30. నేల మీద కూర్చున్న మనిషికి రెండు అడుగుల వెడల్పు, మూడు అడుగుల పొడవు పడుతుంది. గద్దె, నడిచే దారి తీసేస్తే 70 మంది హాయిగా కూర్చుంటారు. తలుపు తూర్పుకు పెట్టాం, విగ్రహం తూర్పు చూస్తుంది. బుద్ధగయలో ఉన్నది కూడా అట్లాగే. విగ్రహం వెనక గోడకు మాత్రం కిటికీ పెట్టకండి. వెనక నుంచి వెలుతురు వస్తే ముఖం నల్లటి నీడలా తప్ప కనిపించదు. కిటికీలు రెండు పక్కల గోడలకు, గద్దెకు కాస్త ముందుగా ఉంటే వెలుగు ముఖం మీద ఏటవాలుగా పడి కళ్ళు, పెదవులు తేటగా కనిపిస్తాయి. స్లాబు 12 అడుగుల ఎత్తుకు తగ్గకూడదు. మన ఎండలకు కింద కూర్చొని గంటసేపు ధ్యానం చేయాలి కదా. పైన ప్రతి ఏడాదీ మార్చిలో తెల్ల సున్నం రెండు కోట్లు వేస్తే లోపల తేడా చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది.

ఇక విగ్రహం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెమ్మ పీల్చి పెచ్చులూడుతుంది, ఫైబర్ ఎండ తగిలితే రంగు పోతుంది. మేము రాజస్థాన్ పాలరాయి ఎంచుకున్నాం. ఆర్డరు ఇచ్చేటప్పుడు మాటతో సరిపెట్టకండి. ముద్ర బొమ్మ, కొలతలు కాగితం మీద పెట్టి సంతకం తీసుకోవాలి. ఆ శిల్పులు రోజూ వేరే దేవుళ్ళను చెక్కుతారు కాబట్టి అలవాటుగా నుదుట బొట్టు గంటు పెడతారు, భుజం మీద జంధ్యం లాంటి గీత తెస్తారు, పెదవులకు ఎరుపు పూస్తారు. భూమిస్పర్శ ముద్రలో కుడిచెయ్యి మోకాలి మీదుగా కిందికి దిగి, అరచెయ్యి లోపలి వైపు ఉండి, వేళ్ళు కింది పీఠాన్ని తాకాలి. చాలామంది చెయ్యిని మోకాలి మీదే ఆనించి వదిలేస్తారు, అది ఏ ముద్రా కాదు. ఎడమ అరచెయ్యి ఒడిలో పైకి తెరిచి ఉంటుంది. కుడి భుజం మీద చీవరం (భిక్షువు కట్టుకునే వస్త్రం) ఉండదు. జుట్టు ముడులు కుడివైపు తిరిగి ఉంటాయి. చెవి తమ్మెలు పొడవు. రంగు వద్దని, రాయి రాయిలాగే ఉండాలని గట్టిగా చెప్పాం.

సరుకు దిగగానే పెట్టె విప్పి రెండు పరీక్షలు చేయాలి, అప్పటిదాకా మిగతా డబ్బు ఇవ్వకూడదు. వేలి కణుపుతో అక్కడక్కడ కొట్టి చూస్తే మంచి రాయి ఖంగున మోగుతుంది, లోపల పగులు ఉంటే బద్దగా పలుకుతుంది. రెండోది, తడిబట్టతో ఒళ్ళంతా తుడిచి ఆరనివ్వాలి. రాయంతా ఆరాక కూడా ఎక్కడైనా సన్నటి నల్ల గీత తడిగా మిగిలితే అది వెంట్రుక పగులు. మెడ చుట్టూ, కుడి ముంజేతి దగ్గర, చెవుల వెనక ఈ గీత కోసం వెతకండి. విరిగేవి ఎక్కువగా అవే.

పాలరాయి ఘనపుటడుగు 75 కిలోల పైన తూగుతుంది. మూడు అడుగుల కూర్చున్న విగ్రహం అంటే దాదాపు మూడు క్వింటాళ్ళు. దాన్ని టైల్స్ మీద కట్టిన గద్దెకు ఎత్తితే టైల్స్ కుంగుతాయి. గద్దెకు కింద మొరం పొర నుంచే వేరే కాంక్రీటు పోసుకురావాలి. గద్దె ఎత్తు రెండున్నర అడుగులు. దీని మీద మా కమిటీలో వాదన బాగా జరిగింది. ఎత్తుగా ఉంటే గౌరవమని కొందరు ఐదు అడుగులు అడిగారు. విగ్రహం కళ్ళు సగం మూసి కిందికి చూస్తుంటాయి. రెండున్నర అడుగుల గద్దె మీద ఆ చూపు ఎదురుగా కూర్చున్న మనిషి మీద పడుతుంది. ఐదు అడుగుల మీద పెడితే కింద కూర్చున్న వాళ్ళకు గడ్డం కింది భాగమే కనిపిస్తుంది, చూపు వాళ్ళ తలల మీదుగా తలుపు బయటికి పోతుంది. సిమెంటు ఇటుకలు పేర్చి, మీద అట్టపెట్టె పెట్టి, దానికి కళ్ళ గుర్తు గీసి అందరినీ కూర్చోబెట్టి చూపించాక వాదన ఆగింది. బాబాసాహెబ్ చిత్రపటం గద్దెకు ఎడమ పక్కన, కొంచెం కిందుగా పెట్టాం.

ఎత్తడానికి చైన్ పుల్లీ, మూడు కాళ్ళ గడ కావాలి. గొలుసు నేరుగా రాయికి తగిలితే అంచులు లేచిపోతాయి, అందుకని నైలాన్ బెల్టులు వాడాలి, మధ్యలో గోనెసంచులు. బెల్టు పీఠం కింద నుంచే రావాలి, చేతుల కింద, మెడకు ఎప్పుడూ వేయకూడదు. గద్దె మీద ముందే నాలుగు చెక్క పట్టీలు పరిచి వాటి మీదికి దించితే బెల్టులు తేలిగ్గా బయటికి వస్తాయి. తర్వాత తెల్ల సిమెంటు, రాతిపొడి కలిపిన ముద్ద పరిచి, గుణపంతో ఒక్కో పక్క కొద్దిగా లేపి పట్టీలు తీసేయాలి. గుణపం మొనకు టైరు ముక్క చుట్టండి. లెవల్ చూసేటప్పుడు పీఠాన్ని కాక ముఖాన్ని చూడండి. ముక్కు నుంచి తూకం గుండు వదిలితే ఒడిలో ఉన్న చెయ్యి మధ్యకు రావాలి.

గద్దెలో చిన్న గూడు వదిలి రాగి రేకు పెట్టాం. దాని మీద "యే ధమ్మా హేతుప్పభవా, తేసం హేతుం తథాగతో ఆహ, తేసం చ యో నిరోధో, ఏవం వాదీ మహాసమణో" అన్న గాథ తెలుగులోనూ దేవనాగరిలోనూ చెక్కించాం. కారణాల వల్ల పుట్టేవాటి కారణాన్ని, వాటి నిరోధాన్ని బుద్ధుడు చెప్పాడని దీని అర్థం. తర్వాత బుద్ధుడి ముఖ్య శిష్యుడైన సారిపుత్తుడికి అస్సజి అనే భిక్షువు చెప్పిన మాటలివి. పాతకాలంలో మట్టి ముద్రల మీద ఈ గాథే అచ్చొత్తి స్తూపాల్లో ఉంచేవాళ్ళు. గోదావరి అవతల ధూళికట్ట స్తూపం ఉంది, ఇటు చంద్రపూర్ జిల్లాలో భద్రావతి దగ్గర విజాసన్ గుహలు ఉన్నాయి. మన నేల మీద ఈ పని కొత్తదేం కాదు. గూట్లో కాగితం మాత్రం పెట్టకండి, చెదలు వదలవు.

తేదీ దగ్గర చాలామంది తడబడతారు. అక్టోబరు 14, అశోక విజయదశమి (దసరా), అక్టోబరు 16 వద్దు. ఆ రోజుల్లో భంతేలందరూ బాబాసాహెబ్ దీక్ష ఇచ్చిన నాగపూర్, చంద్రపూర్ దీక్షాభూముల్లో ఉంటారు, బండ్లు దొరకవు. వైశాఖ పూర్ణిమ ఎంతో గొప్ప రోజే గాని ఎండ 45 దాటుతుంది, పసిపిల్లలు, ముసలివాళ్ళు కూర్చోలేరు. వర్షావాసంలో, అంటే వానాకాలం మూడు నెలలు, భిక్షువులు రాత్రికి తమ విహారం వదలకూడదు. విహారం కట్టి దానం చేసే ఉపాసకులు పిలిస్తే ఏడు రోజుల లోపు వెళ్ళి రావచ్చని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలోనే మినహాయింపు ఉంది, కానీ ఆ నెలల్లో మన దారులు బురద. చలి తగ్గే మాఘ పూర్ణిమ అన్నిటికన్నా వీలైనది. ఒక్క జాగ్రత్త: మేడారం జాతర జరిగే ఏడాదిలో అదే పూర్ణిమకు జీపులు, ఆటోలు అన్నీ అటే పోతాయి. అప్పుడు పుష్య పూర్ణిమ చూసుకోండి. మేము ముహూర్తం అడగలేదు, అడిగిన చుట్టాలకు ఇదే లెక్క చెప్పాం.

భంతేలను ఆహ్వానించేటప్పుడు భోజనం వేళ గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం దాటాక వాళ్ళు తినరు. సంఘదానం పదకొండుకల్లా వడ్డించాలి, సూర్యుడు నడినెత్తికి రాకముందే ముగియాలి. నాయకుల ఉపన్యాసాలు ముందు పెడితే ఈ వేళ తప్పుతుంది. ఉపన్యాసాలన్నీ భోజనాల తర్వాతకు నెట్టేయండి, ఎవరు నొచ్చుకున్నా సరే. భంతేల ఆసనాలు మన కన్నా ఎత్తుగా, తెల్లబట్ట పరిచి ఉండాలి. నగదు చేతికి ఇవ్వకూడదు. ప్రయాణం ఖర్చు వెంట వచ్చిన ఉపాసకుడికి ఇవ్వాలి. భంతేకు అష్టపరిష్కారం దానం చేయవచ్చు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడకట్టే గుడ్డ.

పరిత్రాణ దారం తెల్లటి నూలుది. నైలాన్ కలిసినది దీపం సెగకు ముడుచుకొని తెగుతుంది. హాలు చుట్టూ నూరు అడుగులు, 70 మంది చేతుల మీదుగా మనిషికి రెండున్నర అడుగుల చొప్పున 175, విగ్రహానికీ కుండకూ ఇంకో ఇరవై. తొంభై మీటర్లు పడుతుంది, 150 మీటర్ల ఉండ కొనండి. మధ్యలో ముడి రాకూడదు. విగ్రహం పీఠం చుట్టూ తిప్పి, నీళ్ళ కుండ మెడకు కుడివైపుగా మూడు చుట్లు వేసి, భంతేల చేతులకిచ్చి, అక్కడి నుంచి వరసల్లోకి పంపాలి. వెనక వరసలో పిల్లలు లాగితే ముందు కుండ పడుతుంది. కుండను ఇసుక పళ్ళెంలో గట్టిగా కూర్చోబెట్టండి. కొత్త కుండైతే ముందురోజు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే పాఠం నడుస్తుండగానే గద్దె తడుస్తుంది.

పొద్దున ముందు ధ్వజం. 1885లో కొలంబోలో మొదట ఎగిరిన పంచశీల ధ్వజంలో కర్ర వైపు నుంచి నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ నిలువు పట్టీలు, ఆరో పట్టీలో ఆ ఐదు రంగులే అడ్డంగా, పైన నీలంతో మొదలై కింద నారింజతో ముగుస్తాయి. కుట్టేవాళ్ళు ఆరో పట్టీని తలకిందులు చేస్తారు. తాడు కట్టే ముందు ఒకసారి పరిచి చూసుకోండి.

లోపల కార్యక్రమం ఇట్లా సాగింది. "ఓకాస అహం భంతే" అని మూడుసార్లు పంచశీల యాచన. నమో తస్స, త్రిశరణం, పంచశీలం. పూలు, ధూపం, దీపం ఒక్కోదానికి దాని గాథతో బుద్ధపూజ. ఇతిపి సో భగవా నుంచి త్రిరత్న వందన. తర్వాత కుండ ముందు మోకరిల్లి "విపత్తి పటిబాహాయ" గాథతో పరిత్రాణ పాఠం చేయమని భంతేలను అడగాలి. అడగకపోతే మొదలుపెట్టరు. మంగళ సుత్తం 12 గాథలు, రతన సుత్తం 17, మెత్త సుత్తం 10, నిదానంగా చదివినా ముప్పావుగంట లోపే అయిపోతాయి. వైశాలిలో కరువు, రోగం వచ్చినప్పుడు ఆనందుడు ఊరంతా తిరిగి చదివాడని చెప్పేది ఈ మూడింటిలో రతన సుత్తమే. జయమంగళ అష్టగాథలయ్యాక రావికొమ్మతో కుండ నీళ్ళు హాలు నాలుగు మూలలా, జనం మీద చల్లారు. అప్పుడు అందరం లేచి 22 ప్రతిజ్ఞలు తెలుగులో పెద్దగా చెప్పాం. నా మటుకు ఆ రోజులో అసలైన ఘట్టం అదే. పరిత్రాణ దారాన్ని చివరి వరస నుంచి చుట్టుకుంటూ వస్తే చిక్కుపడదు. ముక్కలు కోసి మణికట్టుకు కట్టారు. తాయెత్తు కాదు, తీసుకున్న శీలానికి గుర్తని భంతే అక్కడే చెప్పారు.

దీనికి నెల ముందు నుంచీ గాథల అభ్యాసం పెట్టుకోవాలి. మనకు దొరికే పుస్తకాలు దేవనాగరిలో ఉంటాయి, పెద్దవాళ్ళకు తెలుగే వస్తుంది. తెలుగులో రాసి ఇచ్చేటప్పుడు పాళిలో శ, ష లేవని గుర్తుపెట్టుకొని సరణం, సీలం అనే రాయాలి. జంటహల్లు ముందు ఎ, ఒ పొట్టిగా, మిగతా చోట్ల ఏ, ఓ నిడివిగా రాస్తే చదివేవాళ్ళ నోరు తిరుగుతుంది. అక్షరాలు పెద్దవిగా, ఒక పేజీకి నాలుగు గాథలకు మించకుండా ఉంచాం.

సీమ (సంఘం తన కర్మలకు పెట్టుకునే హద్దు) కట్టాలా అని చాలామంది అడుగుతారు. ఉపసంపద (పూర్తి భిక్షువుగా చేర్చుకోవడం) వంటి సంఘకర్మలకే బద్ధసీమ కావాలి. కొండ, రాయి, చెట్టు, పుట్ట, ఏరు లాంటి గుర్తులు పెట్టి సంఘమే దాన్ని నిర్ణయించాలి, ఉపాసకులం కట్టేది కాదు. మన ఊరి విహారానికి అది అక్కర్లేదు. శ్రామణేర (చిన్న భిక్షువుల) శిబిరం సీమ లేకుండానే పెట్టుకోవచ్చు.

రావి మొక్కను గోడకు కనీసం 30 అడుగుల దూరంలో, తొలి వానలు పడ్డాక నాటాలి. దగ్గరగా నాటితే వేళ్ళు పునాదిని వెతుక్కుంటూ వస్తాయి. మూడు అడుగుల గుంత, పశువుల ఎరువు, చుట్టూ మేకలు దూరని ముళ్ళకంచె. అరుగు కడితే మొదలు చుట్టూ నాలుగు అడుగుల మట్టి వదిలి కట్టాలి, మొదలు దాకా సిమెంటు పోస్తే చెట్టు ఎదగదు. గోడ పగుళ్ళలో మొలిచిన రావిని మాత్రం చిన్నప్పుడే వేరుతో తీసేయాలి. బోధివృక్షమని ఉంచేస్తే స్లాబు పోతుంది.

పాలరాయికి పాలు, పెరుగు, నిమ్మరసం తగలనివ్వకండి. పులుపు సున్నపురాయిని తింటుంది, మెరుపు పోయి గరుకవుతుంది. పసుపు, కుంకుమ మరక రాయి లోపలికి దిగుతుంది. తడి బంతిపూలు రాత్రంతా ఒడిలో ఉంటే అక్కడ పచ్చటి మచ్చ. టైల్స్ కడిగే యాసిడ్ గద్దె దరిదాపుల్లోకి రాకూడదు. మంచినీళ్ళు, మెత్తటి నూలుబట్ట చాలు. పూలు పళ్ళెంలో, దీపం విగ్రహానికి రెండు అడుగుల ముందు పెట్టాలి, అగరొత్తులకు ఇసుక గిన్నె. ఈ మాటలు తలుపు పక్కన బోర్డు మీద రాయించాం, ఎందుకంటే భక్తి ఎక్కువైన చుట్టాలు బయటి ఊళ్ళ నుంచి వస్తూనే ఉంటారు.

తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఇంట్లో పెళ్ళో చావో వచ్చిన వారం విహారం మూతపడుతుంది. మా దగ్గర నాలుగు తాళంచెవులు, అందులో రెండు ఉపాసికల దగ్గర. ఆదివారం పొద్దున ఏడింటి వందనకు ఇంటి వరసన వంతులు వేశాం: తుడవడం, పూలు, దీపం నూనె, గాథ ఎత్తుకోవడం. గాథ ఎత్తుకునే వంతు చదువు రాని వాళ్ళకూ ఇవ్వాలి. నమో తస్స నోటికి వస్తే చాలు, మిగతాది వరసంతా కలిసి అందుకుంటుంది.